ఏసీపీ షీట్లు తీయించడానికి పట్టిన పదహారు నెలలు: నా అనుభవం

2023 నవంబర్ 12, దీపావళి రాత్రి. పదిన్నర అవుతోంది. పక్క సందులో పిల్లలు వదిలిన రాకెట్ ఒకటి పైకి పోకుండా అడ్డం తిరిగి వచ్చి, మా అపార్ట్‌మెంట్ ముందు వైపు మూడో ఫ్లోర్ ఎత్తులో, గోడకి అందం కోసం బిగించిన ఎలివేషన్ షీట్ల సందులో దూరింది. ఆ షీట్లకీ గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. అందులో పావురాలు గూళ్లు పెట్టుకున్నాయి. ఎండుపుల్లలు, ఈకలు, ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త. మొదట సన్నగా పొగ వచ్చింది. అదే ఆరిపోతుందిలే అని కింద నిలబడ్డ వాళ్లమంతా అనుకున్నాం. రెండు నిమిషాలు గడిచాయో లేదో, షీట్ అంచులోంచి మంట బయటికి వచ్చింది. చూస్తుండగానే నాలుగో ఫ్లోర్ కిటికీ దాటింది.

నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదిలేది పైకి పోయిన మంట కాదు, కింద పడిన చుక్కలు. షీట్ లోపలి నుంచి ఏదో కరిగి, మండుతూనే బొట్లు బొట్లుగా రాలింది. ఒక బొట్టు స్కూటర్ సీటు మీద పడితే సీటు అంటుకుంది. ఇంకో బొట్టు నేల మీద పడి కూడా ఆరలేదు, అక్కడే మండుతూ ఉంది. నాలుగో ఫ్లోర్‌లో ఉండే ఇంటర్ కుర్రాడు మెట్ల కిటికీలోంచి బకెట్లతో నీళ్లు పోశాడు. వాచ్‌మన్ పంపు ఆన్ చేసి ఫైర్ పైపు లాగాడు. పది నిమిషాల్లో మంట ఆరింది. ఎవరికీ ఏమీ కాలేదు. రెండు షీట్లు పూర్తిగా కాలిపోయాయి, మూడోది అప్పడంలా వంకర తిరిగింది.

మర్నాడు పొద్దున టీవీ పెడితే నాంపల్లి బజార్‌ఘాట్. అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని పైన కాపురాలున్న వాళ్లు 9 మంది చనిపోయారు. అదే ఏడాది మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకి ఊపిరాడక ఆరుగురు యువతీ యువకులు, ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు పోయారు. ఆ రెండు ప్రమాదాలకీ మా షీట్లకీ సంబంధం లేదు. కానీ ఆ పొద్దున టీవీ ముందు కూర్చుని నేను ఆలోచించింది మా మూడో ఫ్లోర్ మామ్మ గారి గురించే. ఆవిడ వాకర్ లేకుండా నడవలేరు. మా బిల్డింగ్‌కి మెట్లు రెండు వైపులా ఉన్నా, అందరూ వాడేది ముందు మెట్లే. ఆ మెట్ల కిటికీలన్నీ ఈ షీట్ల పక్కనే తెరుచుకుంటాయి. బయట షీట్ అంటుకుంటే ఆ పొగ మొట్టమొదట వచ్చేది మనుషులు పారిపోవాల్సిన దారిలోకే.

నేను స్కూల్లో లెక్కల టీచర్‌ని. మా అసోసియేషన్‌కి ట్రెజరర్‌ని కూడా. గ్రౌండ్ ప్లస్ పది అంతస్తులు, 60 ఫ్లాట్లు. 2017లో పర్మిషన్ వచ్చింది, 2019 ఆగస్టులో మాకు తాళాలిచ్చారు. ఇల్లు కొన్నప్పుడు గోడల మందం అడిగాను, నీళ్లు అడిగాను, బ్యాంకు కాగితాలన్నీ లాయర్‌కి చూపించాను. ముందు వైపు తళతళ మెరిసే ఆ బూడిద రంగు, ఎరుపు రంగు షీట్లు చూసి, బాగుంది అనుకున్నానే తప్ప అవేమిటి అని అడగాలన్న ఆలోచనే రాలేదు. మా 60 ఇళ్లలో ఎవరికీ రాలేదు.

మంగళవారం పొద్దున్నే మెల్‌బోర్న్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఫ్యామిలీ గ్రూపులో వీడియో చూశాడట.

"అక్కా, అవి ఏసీపీ షీట్లు కదా. లోపలి కోర్ ఏంటో కనుక్కున్నారా?"

కోర్ ఏంట్రా అన్నాను.

వాడు చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇది. ఏసీపీ అంటే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. అటూ ఇటూ కాగితం కన్నా కాస్త మందమైన అల్యూమినియం రేకులు, మధ్యలో నింపుడు పదార్థం. మొత్తం కలిపి 3 నుంచి 4 మిల్లీమీటర్లు. చవక రకంలో ఆ మధ్యలో ఉండేది పాలిథీన్, అంటే ప్లాస్టిక్కే. వేడి తగిలితే కరుగుతుంది, కరిగి మండుతుంది. ఖరీదైన రకంలో ఖనిజాల పొడి ఎక్కువగా కలుపుతారు, దాన్ని ఎఫ్ఆర్ (ఫైర్ రిటార్డెంట్), అంటే తేలిగ్గా మండని రకం, అంటారు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. రంగులో తేడా లేదు, మెరుపులో తేడా లేదు.

ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌కి ముందు, వంకర పోయిన షీట్ నుంచి అరచేయంత ముక్క కోయించాను. గేటు వెనకాల ఖాళీ స్థలంలో ఇసుక పోసి, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, ఎలక్ట్రీషియన్ దాన్ని పట్టకారుతో పట్టుకున్నాడు. అంచు దగ్గర గ్యాస్ లైటర్ పెట్టాడు. మొదట రేకు నల్లబడింది. తర్వాత రెండు రేకుల మధ్య నుంచి నల్లటి జిగురు లాంటిది ఉబికి వచ్చింది. అది అంటుకుంది. లైటర్ తీసేసినా మంట ఆగలేదు. కాలిన కొవ్వొత్తి వాసన. టప్ టప్‌మని చుక్కలు ఇసుకలో పడ్డాయి, పడిన చోట ఒక్కో చుక్కా చిన్న దీపంలా వెలుగుతూనే ఉంది. చుట్టూ నిలబడ్డ ముప్పై మందిలో ఒక్కరు కూడా మాట్లాడలేదు. మా ప్రెసిడెంట్ గారు తలెత్తి పదో అంతస్తు దాకా చూశారు. ఆ షీట్లు మొత్తం 4,200 చదరపు అడుగులు.

మిగిలిన ముక్కని పేపర్లో చుట్టి నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఏ ఆఫీసుకి వెళ్లినా అది నాతోనే వచ్చింది.

మొదట బిల్డర్‌కి ఫోన్. ఆయన అప్పటికి వేరే చోట ఇంకో రెండు ప్రాజెక్టులు మొదలుపెట్టారు. "ఎలివేషన్‌కి ఏడాదే వారంటీ మేడమ్. అందరూ వేసేదే మేమూ వేశాం. రాకెట్ వచ్చి పడితే మేమేం చేస్తాం?" అన్నారు. షీట్ల బిల్లు పంపమంటే నెల రోజులకి ఒక ఫొటో వచ్చింది. అందులో "ఏసీపీ 4 ఎంఎం" అని మాత్రమే ఉంది. ఏ రకమో లేదు.

డిసెంబర్‌లో ఫైర్ ఆఫీసుకి అర్జీ పెట్టాం. జనవరిలో ఒక ఆఫీసర్ గారు వచ్చారు. నిజం చెప్పాలి, ఆయన ఓపిగ్గా బిల్డింగ్ అంతా తిరిగారు. సంప్, టెర్రస్ మీద ట్యాంకు, పంపులు, ప్రతి ఫ్లోర్‌లో పైపు, సెల్లార్‌లో స్ప్రింక్లర్లు, మెట్ల వెడల్పు, ఫైరింజన్ బిల్డింగ్ చుట్టూ తిరిగేందుకు వదిలిన జాగా, అన్నీ చూశారు. ఎన్‌ఓసీ ఫైలు కూడా తెచ్చారు. కట్టే ముందు ఇచ్చే ప్రొవిజనల్ ఎన్‌ఓసీ, కట్టాక ఇచ్చే ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ, రెండూ మాకు సరిగ్గానే ఉన్నాయి. నేను బ్యాగ్‌లోంచి ముక్క తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పైన కాలిన చోటు చూసి, నెమ్మదిగా చెప్పారు.

"షీట్ ఒక్కటే కాదు మేడమ్, వెనకాల ఈ సందు ఇంకా ప్రమాదం. కింది నుంచి పై దాకా ఎక్కడా అడ్డు లేదు. పొగగొట్టం లాగా మంటని లాగేస్తుంది. ప్రతి ఫ్లోర్ దగ్గర మూసేసి ఉంటే కొంత నయం."

మరి ఇది మీ రిపోర్టులో రాస్తారా అని అడిగాను.

"నా ఫారంలో బయటి గోడ మీద ఏముంది అనే కాలమ్ లేదమ్మా. అయినా రిమార్క్స్‌లో రాస్తాను."

రాశారు. అందుకు ఆయనకి ఎప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ ఆ రిమార్క్ వల్ల పదిహేను రోజుల తర్వాత వచ్చిన నోటీసు మా పేరు మీద వచ్చింది. చట్టం ప్రకారం బిల్డింగ్‌లో అగ్ని భద్రత ఓనర్ లేదా అందులో ఉంటున్న వాళ్ల బాధ్యత, కాబట్టి అసోసియేషన్ వెంటనే చర్యలు తీసుకోవాలి అని. కట్టిన వాళ్లకి లేదు, అమ్మిన వాళ్లకి లేదు, పర్మిషన్ ఇచ్చిన వాళ్లకి లేదు. అప్పుచేసి కొనుక్కుని, నెలనెలా ఈఎంఐ కట్టుకుంటున్న 60 కుటుంబాలకి వచ్చింది నోటీసు. ఆ కాగితం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మీటింగుల సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఇలాంటి పని మొదలుపెట్టిన ఎవరికైనా ముందు ఎదురయ్యేది ఇదే. ఫ్లాట్ అమ్మకానికి పెట్టిన ఒకాయన, "ఇది బయటికి పొక్కితే రేట్లు పడిపోతాయి, గ్రూపులో వీడియోలు డిలీట్ చేయండి" అన్నారు. అమెరికాలో ఉండే ఓనర్లు కొందరు, మేం అక్కడ ఉండటం లేదు కదా అన్నారు. అద్దెకున్న వాళ్లకి మీటింగులో ఓటు లేదు, కానీ మంట వస్తే మెట్ల మీద పరిగెత్తాల్సింది వాళ్లు కూడా. ఒక సాయంత్రం మూడో ఫ్లోర్ మామ్మ గారు వాకర్ పట్టుకుని మీటింగ్‌కి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు గొడవ కాస్త తగ్గింది.

మా తమ్ముడితో మళ్లీ మాట్లాడింది ఈ నోటీసు వచ్చిన రాత్రే. వాళ్ల బిల్డింగ్‌కి కూడా ఇలాంటి షీట్లే ఉండేవి, వాటిని తీసేసి వేరేవి వేశారు, ఒక్క డాలర్ కూడా కట్టలేదు అన్నాడు. నేను నమ్మలేదు. అప్పుడు మొత్తం చెప్పాడు.

2014 నవంబర్‌లో మెల్‌బోర్న్ డాక్‌ల్యాండ్స్‌లో లాక్రోస్ అనే టవర్‌లో ఎనిమిదో అంతస్తు బాల్కనీలో ఒకతను సిగరెట్ సరిగ్గా ఆర్పకుండా ప్లాస్టిక్ డబ్బాలో పడేశాడు. అది అంటుకుని బయటి షీట్లకి పాకింది. నిమిషాల్లో పై అంతస్తు దాకా వెళ్లింది. ఎవరూ చనిపోలేదు. ఓనర్లు కేసు వేశారు. 2019లో తీర్పు వచ్చింది. బిల్డర్ ఓనర్లకి 57 లక్షల డాలర్ల పైచిలుకు కట్టాలన్నారు. అసలు తప్పులో ఎవరి వాటా ఎంత అని కూడా తేల్చారు. ఫైర్ ఇంజినీర్‌కి 39 శాతం, బిల్డింగ్ పర్మిట్ ఇచ్చిన సర్వేయర్‌కి 33 శాతం, ఆర్కిటెక్ట్‌కి 25 శాతం. సిగరెట్ పడేసిన అతనికి 3 శాతం.

ఆ మూడు అంకె దగ్గర నేను ఆగిపోయాను. మా దగ్గర రాకెట్ వదిలిన పిల్లల కోసం వారం రోజులు సందులన్నీ వెతికారు. వాళ్ల అమ్మానాన్నల చేత డబ్బు కట్టించాలన్నారు. నిప్పురవ్వ ఎక్కడి నుంచైనా వస్తుంది. దీపావళికి రాకెట్ వస్తుంది, ఏసీ వైరు కాలుతుంది, ఎవరో బీడీ పడేస్తారు. గోడకి ప్లాస్టిక్ కట్టి ఉండకపోతే అది అక్కడే ఆరిపోయేది. ఆ గోడకి పర్మిషన్ ఇచ్చిన చేతికి 33 శాతం వాటా ఉందని ఒక న్యాయస్థానం లెక్క కట్టి చెప్పింది.

అదే 2019లో విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి షీట్లు తీయించడానికే ఒక సంస్థ పెట్టింది. క్లాడింగ్ సేఫ్టీ విక్టోరియా. 60 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో కొంత డబ్బు కొత్త బిల్డింగ్ పర్మిట్ల మీద లెవీ వేసి రాబట్టింది. ముందు ఏ బిల్డింగ్ మీద ఏముందో తనిఖీ చేయించి, ఎక్కువ ప్రమాదం ఉన్న వాటితో పని మొదలుపెట్టింది. ఓనర్లకి డబ్బిచ్చి, తప్పు చేసిన వాళ్ల మీద కేసు వేసే హక్కుని తను తీసుకుంది. అంటే జనం ఇంట్లో భయం లేకుండా పడుకోవడం ముందు, కోర్టుల చుట్టూ తిరిగే పని ప్రభుత్వానిది.

ఇంగ్లండ్ సంగతి నాకు కొంత తెలుసు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయినప్పుడు ఆ దృశ్యాలు మనమంతా టీవీలో చూశాం. నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట, ఏడాది కిందటే కొత్తగా తొడిగిన షీట్ల వల్ల 24 అంతస్తుల టవర్‌ని చుట్టేసింది. ఆ షీట్లలోనూ ఉన్నది పాలిథీనే. అక్కడ కూడా ప్రభుత్వం మొదటి రోజే ముందుకు రాలేదు. వేరే బిల్డింగుల్లో ఇలాంటి షీట్లున్న ఫ్లాట్ల వాళ్లకే బిల్లులు వచ్చాయి. రాత్రంతా మేల్కొని మంట వస్తుందేమో చూసే కాపలా వాళ్ల జీతాలు కూడా వాళ్లే కట్టుకున్నారు. ఫ్లాట్లు అమ్ముకోలేకపోయారు. వాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే, ప్రభుత్వ నిధి 510 కోట్ల పౌండ్లకి పెరిగింది. 2022లో వచ్చిన చట్టం 11 మీటర్ల పైన ఉన్న బిల్డింగుల్లో షీట్లు తీయించే ఖర్చు అర్హులైన ఫ్లాట్ల వాళ్ల మీద వేయకూడదంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన విచారణ నివేదిక, ఆ ప్రమాదం కేంద్ర ప్రభుత్వంతో సహా బాధ్యత గల వాళ్లంతా దశాబ్దాల పాటు చేసిన వైఫల్యాల ఫలితమని తేల్చి చెప్పింది.

ఇంకో సంగతి. 2018 డిసెంబర్ నుంచి ఇంగ్లండ్‌లో 18 మీటర్లు దాటిన కొత్త నివాస భవనాల బయటి గోడలకి మండే సామాను వాడకూడదు. మన దగ్గర 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌లో హైరైజ్ అంటే కూడా 18 మీటర్లు, ఆ పైన. అదే ఎత్తు. ఆ ఎత్తు దాటితే నిచ్చెన వేసి మనుషుల్ని దించడం కష్టమని రెండు చోట్లా తెలుసు. మా బిల్డింగ్ 30 మీటర్లు దాటుతుంది.

జనవరి చివర్లో బేగంపేట ప్రజాభవన్‌లో ప్రజావాణికి వెళ్లాను. మంగళవారం, శుక్రవారం అర్జీలు తీసుకునేవారు. నేను పొద్దున ఏడింటికి లైన్లో నిలబడితే నా ముందు పింఛన్ కోసం, భూమి పట్టా కోసం వచ్చిన వాళ్లు వందల మంది. నాది వినడానికి చిన్న సమస్యలా ఉంటుందేమో అని భయపడ్డాను. టేబుల్ దగ్గరున్న అమ్మాయి కాలిన ముక్క చూసి, "ఇది మా హాస్టల్‌కి కూడా ఉంది మేడమ్" అంది. అర్జీ తీసుకుని, నంబర్ ఇచ్చి, సంబంధిత శాఖకి పంపారు.

మా ఏరియా మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్ చుట్టూ ఆరుసార్లు తిరిగాను. అది ఫైర్ వాళ్ల పని అన్నారు. ఫైర్ వాళ్లు, మెటీరియల్ సంగతి ప్లాన్ పాస్ చేసిన వాళ్లది అన్నారు. నోటి మాటతో లాభం లేదని ఫిబ్రవరిలో పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఆర్టీఐ వేశాను. రెండే ప్రశ్నలు. మా బిల్డింగ్ బయటి గోడకి వాడిన మెటీరియల్ ఏమిటని మీ రికార్డులో ఉంది? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు దాన్ని ఎవరు పరిశీలించారు?

ఇరవై ఎనిమిదో రోజు జవాబు వచ్చింది. ప్లాన్‌లో ఎలివేషన్ డ్రాయింగ్ ఉంది, మెటీరియల్ వివరాలు ఈ కార్యాలయ రికార్డులో లేవు. ఫస్ట్ అప్పీల్ వేస్తే అదే మాట ఇంకో సంతకంతో వచ్చింది. జతచేసిన డ్రాయింగ్ జిరాక్స్‌లో మా బిల్డింగ్ ముందు భాగం గీతలుగా ఉంది. షీట్లున్న చోట అడ్డగీతలు. అంతే. పదంతస్తుల పొడవునా ప్లాస్టిక్ కట్టిన గోడ ప్రభుత్వ ఫైలులో నాలుగు అడ్డగీతలు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో నాలుగో భాగం మొత్తం అగ్ని భద్రతే. బయట అద్దాలు బిగిస్తే ప్రతి అంతస్తు స్లాబ్‌కీ ఆ అద్దాల పనికీ మధ్య సందుని మంటకి తట్టుకునే సామానుతో మూసేయాలని అందులో ఉంది. అంటే ఈ సందు ప్రమాదం మన దేశంలో నిపుణులకి తెలియనిది కాదు. కానీ కోడ్ అనేది సిఫారసు. రాష్ట్రం తన రూల్స్‌లో పెట్టుకుని, ఫారంలో కాలమ్ పెట్టి, ఒక మనిషిని పంపి చూపిస్తేనే అది గోడ దాకా వస్తుంది.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, గురించి చెప్పింది మా స్కూల్లో సోషల్ టీచర్ గారి భర్త, ఆయన లాయర్. తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత పర్మిషన్ పొందిన ప్రాజెక్టులకి రెరా వర్తిస్తుంది, మాది అందులోకి వస్తుంది. చట్టంలో 14వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ నాణ్యతలోగానీ లోపం బయటపడి మనం తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఏడాదే వారంటీ అన్న మాట చెల్లదు. నేను క్యాలెండర్ చూశాను. 2024 ఆగస్టుకి మాకు ఐదేళ్లు నిండుతాయి. అప్పటికి మే నెల. ఇది చదివే వాళ్లలో ఎవరి బిల్డింగ్‌కైనా షీట్లుంటే, దయచేసి ముందు మీ స్వాధీనం తేదీ చూసుకోండి.

షీట్ ముక్కని ల్యాబ్‌కి పంపాం. కోర్ పాలిథీన్ అని రిపోర్టు వచ్చింది. మే నెలలో బిల్డర్‌కి రాతపూర్వకంగా నోటీసు, రిజిస్టర్డ్ పోస్టులో. 30 రోజులు దాటాక జూన్‌లో రెరాకి ఫిర్యాదు. హియరింగుల్లో బిల్డర్ తరఫు లాయర్ వాదన ఒక్కటే. ఆ రోజు ఏ రూల్‌లోనూ ఈ షీట్ వద్దని లేదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ప్రభుత్వమే ఇచ్చింది, మా తప్పేముంది? వింటుంటే కోపం వచ్చింది కానీ, ఆ మాటలో సగం నిజం కూడా ఉంది. సర్టిఫికెట్ ఇచ్చిన వాళ్లు ఆ గదిలో లేరు.

నవంబర్‌లో, ఆర్డర్ దాకా వెళ్లకముందే, బిల్డర్ రాజీకి వచ్చి 3 లక్షలు ఇస్తామన్నారు. కాగితం మీద సంతకాలయ్యాయి. పోరాడితే ఇంకా వచ్చేదని కొందరన్నారు. వచ్చేదేమో. కానీ ఇంకో దీపావళి అప్పటికే దాటింది. ఆ రాత్రంతా మేం ఇద్దరిద్దరం చొప్పున టెర్రస్ మీద నీళ్ల పైపు పట్టుకుని కాపలా ఉన్నాం. ఇంకో దీపావళి అలా గడపడానికి ఎవరికీ ఓపిక లేదు.

ఎఫ్ఆర్ షీట్లు మళ్లీ వేయడానికి మాకిచ్చిన కొటేషన్ చదరపు అడుగుకి 340, పరంజాతో కలిపి మొత్తం 15,48,000. అంటే ఇంటికి 25,800. షీట్లు తీసేసి, గోడకి ప్లాస్టరింగ్ చేసి టెక్స్చర్ పెయింట్ వేస్తే అడుగుకి 130, పరంజా లక్షా ఇరవై వేలు, మొత్తం 6,66,000. బిల్డర్ ఇచ్చింది పోగా ఇంటికి 6,100. రెండోదే చేశాం. ప్రభుత్వం నుంచి వచ్చింది ఏమీ లేదు. మా వాచ్‌మన్ కూడా వెయ్యి రూపాయలు ఇవ్వబోతే వద్దన్నాం.

2025 జనవరిలో, సంక్రాంతి వెళ్లాక పరంజా లేచింది. మొదటి వరస షీట్లు విప్పగానే రెండు గూళ్లలో పావురం పిల్లలు కనిపించాయి. మేస్త్రీ వాటికి రెక్కలొచ్చే దాకా ఆ వైపు ముట్టుకోనన్నాడు. రెండు వారాలు ఇంకో వైపు పని చేశారు. ఆరో ఫ్లోర్ దగ్గర షీట్ వెనకాల ఎవరి ఏసీదో వైరు, మధ్యలో టేపు చుట్టిన జాయింట్. టేపు కరిగి, చుట్టూ గోడ నల్లగా మాడి ఉంది. ఎప్పుడు మాడిందో ఎవరికీ తెలియదు. మేస్త్రీ నన్ను ఆ ఫ్లోర్ కిటికీలోంచి పరంజా మీదికి ఎక్కించి చూపించాడు. చెయ్యి పెడితే మసి అంటింది. ఆ ఫ్లాట్‌లో ఐదేళ్ల పాప ఉంది. దీపావళి రాకెట్‌కి ముందో తర్వాతో, మేమంతా నిద్రలో ఉన్న ఏదో రాత్రి, అక్కడ నిప్పు పుట్టి తనంతట తనే ఆరిపోయింది.

తీసిన షీట్లు కింద పేర్చారు. పాత సామాను కొనే అతను వచ్చి మంచి రేటే చెప్పాడు. ఏం చేస్తావయ్యా అని అడిగితే, "కరాబ్ కాలేదు కదమ్మా, షాపుల బోర్డులకి పోతయ్. మంచిగున్నవి మళ్ల ఎలివేషన్లకే పోతయ్" అన్నాడు. రేటు తగ్గినా సరే అని, ఒక్కో షీట్‌ని గ్రైండర్‌తో నాలుగు ముక్కలు చేయించి అప్పుడు అమ్మాం. రెండు రోజుల కూలీ అదనంగా పడింది. మీటింగులో ఆ ఖర్చు ఎందుకని ఎవరూ అడగలేదు.

మార్చిలో పని పూర్తయింది. నేను మళ్లీ ఒక అర్జీ రాశాను, ఈసారి మా బిల్డింగ్ కోసం కాదు. 18 మీటర్లు దాటిన ప్రతి బిల్డింగ్ బయటి గోడ మీద ఏముందో ప్రభుత్వమే లెక్క తీయాలని. ఎన్‌ఓసీ ఫారంలో ఆ కాలమ్ పెట్టాలని. ప్రమాదం ఉన్న చోట ముందు తీయించి, ఆ డబ్బు బిల్డింగ్ కట్టిన వాళ్ల దగ్గర తర్వాత వసూలు చేయాలని. మాకు 60 ఇళ్లున్నాయి, 6,100 చొప్పున వేసుకోగలిగాం. పన్నెండు ఇళ్లున్న చోట అదే పనికి ఇంటికి ఎంతవుతుందో, వాళ్లలో ఎంతమంది కట్టగలరో కూడా లెక్క వేసి రాశాను. స్టాంప్ డ్యూటీ మా దగ్గర తీసుకున్నారు, ఏటా ఆస్తి పన్ను తీసుకుంటున్నారు, పర్మిషన్ ఫీజు బిల్డర్ మా ధరలో కలిపే తీసుకున్నాడు. గోడ వైపు ఒక్కసారి చూడమని అడగడానికి మాకు హక్కుంది.

ఆ అర్జీ ఇంకా నా బ్యాగ్‌లోనే ఉండగా, ఒక సాయంత్రం స్కూల్ నుంచి వస్తుంటే మా ఎదురు రోడ్డులో కొత్తగా కడుతున్న బిల్డింగ్ గేటు దగ్గర ట్రాలీ ఆగి ఉంది. ఎనిమిది బై నాలుగు షీట్లు దించుతున్నారు, నీలం రంగువి, పైన ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. లోపల కోర్ ఏంటి బాబూ అని అడిగితే, దించుతున్న కుర్రాడు ఒక షీట్ అంచు నా వైపు తిప్పాడు. రెండు తెల్లటి గీతల మధ్య నల్లటి గీత. సూపర్‌వైజర్‌ని పిలిచాడు. ఆయన బిల్లు తీసి చూపించాడు. "ఏసీపీ 4 ఎంఎం" అని ఉంది.

ఆ బిల్లుకీ, షీట్ అంచుకీ ఫొటో తీసుకుంటానంటే ఆయన కాదనలేదు. రెండు ఫొటోలూ ప్రింట్ తీయించి అర్జీకి పిన్ చేశాను. సోమవారం స్కూల్‌కి సెలవు పెట్టాను.